ఒకే రోజు రెండు ఓట్లా, విడివిడిగానా?

2029 లోక్‌సభ ఎన్నికల గురించి ఆలోచిస్తే తెలుగువారికి ఒక వెసులుబాటు ఉంది. లోక్‌సభకు, శాసనసభకు ఒకే రోజు ఓటేయడం, విడివిడిగా ఓటేయడం: పోల్చడానికి రెండు పద్ధతులూ మన కళ్ల ముందే ఉన్నాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 మే 13న ఓటరు ఒకే పోలింగ్ కేంద్రంలో రెండుసార్లు మీట నొక్కాడు. లోక్‌సభ బ్యాలెట్ తెలుపు, శాసనసభది గులాబీ. ఊళ్లకు జనం పోటెత్తారు, పోలింగ్ 80 శాతం దాటింది. కానీ ప్రచారమంతా ముఖ్యమంత్రి ఎవరన్న దాని చుట్టే తిరిగింది. పార్లమెంటులో మన ఎంపీ ఏం అడగాలన్నది ఎవరికీ పట్టలేదు. నన్ను కలవరపెట్టేది ఇదే.

తెలంగాణ 2018 నుంచి విడిగా ఓటేస్తోంది. 2023 నవంబరులో శాసనసభకు, ఆరు నెలలు తిరగకముందే లోక్‌సభకు. శాసనసభలో 8 స్థానాలే గెలిచిన బీజేపీ లోక్‌సభలోనూ 8 గెలిచింది, అదీ 17లో. శాసనసభలో 39 స్థానాలు గెలిచిన బీఆర్‌ఎస్‌కు ఒక్క ఎంపీ కూడా దక్కలేదు. ఫలితం ఎవరికి నచ్చినా నచ్చకపోయినా, ఓటరు రెండు ప్రశ్నలకు రెండు వేర్వేరు జవాబులిచ్చాడు. అయితే పోలింగ్ శాతం తగ్గింది. హైదరాబాద్‌లో మరీ తక్కువ.

ఖర్చు, ఎన్నికల కోడ్ వల్ల ఆగే పనులు జమిలి ఎన్నికల (రెండూ ఒకేసారి జరపడం) వైపు బలమైన వాదనలే. 2024 డిసెంబరులో లోక్‌సభలో అందుకోసం బిల్లు కూడా పెట్టారు. అయినా నా మొగ్గు తెలంగాణ పద్ధతికే. తగ్గిన పోలింగ్‌ను పెంచుకునే దారులున్నాయి. ఢిల్లీకి ఎవరిని పంపుతున్నామో విడిగా ఆలోచించే అవకాశం పోతే మళ్లీ రాదు.