పాత దస్తావేజు అడిగితే పొలంలో వాటా అడిగినట్టే

చుట్టాలింట్లో దిగి వంశం వివరాలు వెతకాలనుకునేవాళ్ళకి ముందే ఒక మాట. "పాత కాగితాలేమైనా ఉన్నాయా" అని అడిగే ముందు "మాకు ఆస్తి అక్కర్లేదు" అని చెప్పండి. మేము చెప్పలేదు. ఆరు రోజుల ప్రయాణంలో మూడు రోజులు దానికే పోయాయి.

మా నాన్నగారి తాత 1940లో ఆఖరిసారి రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళి తిరిగి రాలేదు. కోనసీమ, కాకినాడ వైపు నుంచి ఆ రోజుల్లో ఎంతోమంది ఓడెక్కి రంగూన్ వెళ్ళి రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ పనిచేసేవారు. 1941 డిసెంబరులో జపాన్ వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశాక లక్షల మంది ఉన్నపళంగా బయల్దేరారు. చాలామంది అడవులు, కొండలు దాటుకుంటూ నడిచే వచ్చారు. దారిలో పోయినవాళ్ళు పోయారు. మా ముత్తాత వాళ్ళలో ఉన్నాడో, అసలు బయల్దేరనే లేదో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒక్క ఫొటో లేదు. నాన్నకిప్పుడు డెబ్బై రెండు. కనీసం తాత సంతకమైనా ఒకసారి చూడాలని ఆయన కోరిక.

గౌతమి ఎక్స్‌ప్రెస్ రైల్లో రాజమండ్రి, అక్కణ్ణించి రావులపాలెం మీదుగా అమలాపురం దగ్గర మా ఊరికి కారులో 2,200. ప్రయాణం హాయిగా జరిగింది. అమలాపురంలో లాడ్జి తీసుకుందామని నేనంటే, "సొంతూరు వెళ్ళి లాడ్జిలో దిగితే అన్నయ్య మళ్ళీ నా మొహం చూడడు" అన్నారు నాన్న. అలా పెదనాన్నగారింట్లో దిగాం. ఈయన నాన్నకి పెదనాన్న కొడుకు.

ఆ మధ్యాహ్నం వదిన వండిన ఆవ పెట్టిన పనసపొట్టు కూర గురించి చెప్పకుండా ఉండలేను. ఎండుమిర్చి, జీడిపప్పు, నోట్లో పెట్టుకోగానే ముక్కుకెక్కే ఆవ ఘాటు. హైదరాబాద్‌లో ప్యాకెట్లో కొన్న పొట్టుతో నేను ఎన్నిసార్లు చేసినా ఆ రుచి రాలేదు. నాన్న మూడుసార్లు వడ్డించుకున్నారు. ఆ ఊపులోనే, చెయ్యి కడుక్కుంటూ, "అన్నయ్యా, మన పాత దస్తావేజులు ఎక్కడున్నాయి?" అని అడిగేశారు.

కంచాలు తీస్తున్న వదిన చెయ్యి ఆగిపోయింది. పెదనాన్న కొడుకు, నాకు అన్నయ్య, "ఇప్పుడెందుకు బాబాయ్ అవి?" అన్నాడు. పెదనాన్న మాత్రం, "86 వరదలో పోయినాయిరా" అని లేచి వెళ్ళిపోయారు.

మర్నాటి నుంచి కాఫీ టైముకి వచ్చేది గానీ దాంతో పాటు మాట వచ్చేది కాదు. అన్నయ్య పెరట్లో ఎవరితోనో ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడేవాడు. నేను వెళ్తే ఆపేసేవాడు. నాన్న అన్నం సగం కూడా తినలేకపోయారు. నాకు ఒకటే టెన్షన్, ఈయనకి బీపీ పెరుగుతుందేమోనని.

సరే, ఇంట్లో లేకపోతే ఆఫీసులో ఉంటాయి కదా అని రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వెళ్ళాం. ఏ ఆఫీసో చెప్పను. బయట చెట్టు కింద కూర్చున్న ఒకాయన, "పాత రికార్డు మీకు ఇవ్వరండీ, నేను తీయిస్తాను" అని 3,500 అడిగాడు. నాన్న బేరమాడకుండా ఇచ్చేశారు. సాయంత్రం దాకా కూర్చోబెట్టి చేతిలో పెట్టింది 1983 నుంచి ఉన్న ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా. అది ఆన్‌లైన్లో ఎవరైనా తీసుకోవచ్చు. 1940 కాగితం కోసం వచ్చినవాళ్ళకి అదెందుకు? రసీదు అడిగితే నవ్వాడు. పెద్దాయన్ని ఎండలో అంతసేపు కూర్చోబెట్టి చేసిన ఆ మోసం నాకు ఇప్పటికీ మంటగానే ఉంది.

అందుకే తెలిసినది చెబుతున్నాను. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే ఒకటో పుస్తకాన్ని ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. "మీకేం సంబంధం" అని అడిగితే ఆ సెక్షన్ పేరు చెప్పండి. వీలునామాల పుస్తకం మాత్రం అలా అందరికీ చూపించరు. ఒకటో పుస్తకానికి ఇండెక్సులు రెండుంటాయి. ఒకటోది మనుషుల పేర్లతో, రెండోది ఆస్తి వివరాలతో. వంశం వెతికేవాళ్ళకి కావలసింది పేర్లది. అయితే పేరు, తండ్రి పేరు, ఏ సంవత్సరమో ఉజ్జాయింపుగా అయినా తెలియాలి. మాకు ముత్తాత తండ్రి పేరే తెలియదు.

అది చెప్పింది మామ్మ. ముత్తాత కూతురు, నాన్నకి మేనత్త. తొంభై మూడేళ్ళు. చూపు బాగా తగ్గింది. పగలంతా మగతగా ఉంటుంది, తెల్లవారుజామున నాలుగింటికి మాత్రం స్పష్టంగా మాట్లాడుతుంది. చుట్టాలింట్లోనే దిగమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. లాడ్జిలో ఉంటే ఆ తెల్లవారుజాము మాటలు మనకి దొరకవు. నాలుగో రోజు తెల్లవారకుండానే నేను పక్కన కూర్చుంటే, తన తాత పేరు చెప్పి, "ఓడెక్కే ముందు వేసవిలో కొబ్బరితోట తాకట్టు పెట్టాడు మా నాన్న. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఆ కాగితం అటక మీద రేకు పెట్టెలో ఉంది, వరదలో ఏమీ పోలేదు" అంది. పక్క గదిలో పెదనాన్న దగ్గు వినిపించింది.

తెల్లారాక నాన్న నేరుగా ఆయన దగ్గరికే వెళ్ళారు. "అన్నయ్యా, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను. నాకు సెంటు భూమి వద్దు. తాత చేవ్రాలు చూడాలి, అంతే." పెదనాన్న చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నయ్యని నిచ్చెన తెమ్మన్నారు.

రాజు తలకాయ ముద్ర ఉన్న స్టాంపు కాగితం, మడతల దగ్గర చిరిగి, చెదలు ఒక మూల తినేసి ఉంది. సిరా గోధుమరంగుకి తిరిగింది. దస్తూరి ఎవరిదో కింద రాసి ఉంది. ఎడమ పక్కన, మిగతా రాతకంటే లావుగా, ఒత్తి ఒత్తి పెట్టిన సంతకం. ఇంటిపేరు ఆఖరి అక్షరానికి పొడుగ్గా లాగిన గీత. మా నాన్న కూడా అచ్చం అలాగే లాగుతారు, ఆయనకి ఎవరూ నేర్పలేదు. వెనకవైపు 1946లో బాకీ తీరినట్టు చెల్లు రాసి ఉంది. తీర్చింది పెదనాన్న వాళ్ళ నాన్న. ఆ తోట ఎందుకు ఆయన పేర పడిందో నాన్నకి ఆ రోజే తెలిసింది. "పెదనాన్న కష్టపడి విడిపించాడన్నమాట" అని నాన్న తన అన్నయ్య చెయ్యి పట్టుకున్నారు. వదిన అప్పటికప్పుడు పెసరట్లు వేసింది.

ఐదో రోజు అన్నయ్యే ఆఫీసుకి తోడొచ్చాడు. మామ్మ చెప్పిన పేరుతో ఇండెక్సులో 1911 నాటి భాగపంపకాల దస్తావేజు దొరికింది. అందులో ఇంకో తరం పేరు ఉంది. వెతికినందుకు, నకళ్ళకి కలిపి 680 రూపాయలు, రసీదుతో. లోపలి గుమస్తా ఓపిగ్గా మూడు పుస్తకాలు తీసి చూపించాడు. బయటాయన అడిగిన 3,500 గుర్తొచ్చి కడుపు మండింది.

తిరుగు ప్రయాణం యానాం మీదుగా కాకినాడ నుంచి పెట్టుకున్నాం, కారు 2,500. దారిలో కోరంగి దగ్గర ఆగాం. ఒకప్పుడు పెద్ద రేవు. 1839 తుఫానులో దెబ్బతింది. బర్మాలో మనవాళ్ళని కోరంగీలు అనేవారంటే ఈ ఊరి పేరుతోనే. మడ అడవి మధ్య చెక్క వంతెన మీద నాన్న కాసేపు మాట్లాడకుండా నడిచారు. చూడటానికి గంట చాలు, నీళ్ళ సీసా తీసుకెళ్ళండి.

కాకినాడలో ఆ సంతకం ఉన్న పేజీకి మూడు రంగు జిరాక్సులు, లామినేషన్ చేయించాం, 210 రూపాయలు. ఒకటి పెదనాన్నకి, ఒకటి మామ్మకి పోస్టు చేశాం. మామ్మ దాన్ని కళ్ళకి ఆనించుకుని చూస్తోందని, రాత్రిళ్ళు దిండు కింద పెట్టుకుంటోందని వదిన ఫోన్ చేసి చెప్పింది.