హైదరాబాద్ ఎత్తుల్లో హైబ్రిడ్ సైకిలు: మూడేళ్లు తొక్కాక

మాది భీమవరం. అక్కడ సైకిలుకి ఎత్తు అంటే కాలవ మీద వంతెన ఎక్కడమే, రెండు తొక్కులు గట్టిగా వేస్తే అయిపోతుంది. హైదరాబాద్ వచ్చాక ఇల్లు టోలిచౌకిలో, ఆఫీసు నానక్‌రామ్‌గూడలో. దూరం సుమారు పది కిలోమీటర్లు. ఈ దారిలో 20 వేల లోపు కొన్న హైబ్రిడ్ సైకిలు (రోడ్డు సైకిలుకీ మౌంటెన్ సైకిలుకీ మధ్యరకం) మీద మూడేళ్లు దాటి తిరుగుతున్నా. కొనాలనుకునేవాళ్లు ముందు ట్రాఫిక్ గురించి అడుగుతారు. నా లెక్కలో అది రెండోది. మొదటిది ఎత్తుపల్లాలే.

ఈ ఊరు రాతి పీఠభూమి మీద ఉంది, సముద్రమట్టానికి 500 మీటర్ల పైన. రోడ్లు గుట్టలెక్కి మళ్లీ నాలాల్లోకి, చెరువుల వైపు దిగుతుంటాయి. బైకు మీద పోయేవాళ్లకి ఇది తెలియను కూడా తెలియదు. షేక్‌పేట నాలా దాటి దర్గా, రాయదుర్గం వైపు తిరిగితే మాత్రం మోకాళ్లు చెబుతాయి.

ముందు మూడు, వెనక ఏడు, మొత్తం 21 గేర్లు. షాపులో ఈ అంకె చూపించే అమ్ముతారు గానీ సగం గేర్లు చేతికి రావు. నాకు పనికొచ్చింది వెనక 34 పళ్ల పెద్ద స్ప్రాకెట్, అంటే చెయిను తిరిగే పళ్లచక్రం. ముందు నడిమి పళ్లచక్రం, వెనక ఇది వేసుకుంటే దర్గా ఎత్తు సీటు మీద నుంచి లేవకుండా ఎక్కేయొచ్చు. కాకపోతే ఎత్తు మొదలయ్యే ముందే గేరు మార్చుకోవాలి. బరువు పడ్డాక మార్చబోతే చెయిను టకటకా ఎగురుతుంది, సైకిలు ఆగిపోతుంది, వెనక నుంచి సిటీ బస్సు హారన్ మొదలవుతుంది. గేర్లు లేని సింగిల్ స్పీడ్ సైకిళ్లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. నెక్లెస్ రోడ్ మీద పొద్దున్నే తిరగడానికి సరే, గచ్చిబౌలి వైపు ఉద్యోగానికి మాత్రం వద్దంటాను. అదృష్టం కొద్దీ నాకు ఎక్కేది పొద్దున చల్లటి పూట, దిగేది సాయంత్రం. ఇల్లూ ఆఫీసూ తారుమారైతే ఏప్రిల్, మే నెలల్లో ఈ సమీక్ష వేరేలా ఉండేదేమో.

టైర్లు 700 x 35, అంటే వెడల్పు 35 మిల్లీమీటర్లు. గాలి 60 పీఎస్‌ఐ దాకా కొట్టిస్తా. పంక్చర్ షాపుల్లో బైకు అలవాటు కొద్దీ 30 దగ్గర ఆపేస్తారు, "చాలన్నా, పేలిపోతది" అని భయపెడతారు కూడా. ఆ గాలితో ఎత్తెక్కితే బస్తా లాగుతున్నట్టే. అందుకే గేజ్ ఉన్న నిలువు పంపు ఇంట్లో పెట్టుకున్నా, సైకిలు తర్వాత డబ్బు దండగ కానిది అదే. ఇంకోటి, కొనేటప్పుడు ట్యూబు వాల్వ్ చూసుకోండి. బైకు వాల్వ్ లాంటిదైతే ఏ సందులోనైనా గాలి దొరుకుతుంది. సన్న ప్రెస్టా వాల్వ్ అయితే జేబులో అడాప్టర్ ఉండాల్సిందే.

ఇక ట్రాఫిక్. షేక్‌పేట ఫ్లైఓవర్ 2.8 కిలోమీటర్లు, 2022 జనవరిలో తెరిచారు. నేను దాని పైకి ఎప్పుడూ వెళ్లను. పైన వేగాలు ఎక్కువ, చెయిను ఊడితే నిలబడే చోటు ఉండదు. కింద దారిలో ఫ్రీ లెఫ్ట్ దగ్గరా, రాంగ్ రూట్‌లో వచ్చే బైకుల దగ్గరా చూసుకోవాలి. వాళ్లు వచ్చేది సరిగ్గా మనం పోయే అంచులోనే. అప్పుడు నేను ఆగిపోతా, కుడికి జరగను. జరిగితే వెనకొచ్చేవాడికి దొరికిపోతాం. యూటర్న్‌ల బాధ మాత్రం సైకిలుకి తక్కువ. దిగి నడిపించుకుంటూ దాటితే సరి.

ఔటర్ రింగ్ రోడ్ పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ 2023 అక్టోబర్‌లో వచ్చింది, మొత్తం 23 కిలోమీటర్లు. కొల్లూరు వైపు వెళ్తుంటే ఈ ఊళ్లో సైకిలుకీ మర్యాద ఉందనిపిస్తుంది. నా సైకిలు ముందు గేర్లలోని పెద్ద పళ్లచక్రానికి పని పడేది అక్కడే. కానీ నీడ కోసమే వెళ్తే ఒక సంగతి: పొద్దున్న ఎండ ఏటవాలుగా పక్క నుంచి కొడుతుంది, కప్పు దాన్ని ఆపలేదు. పైగా అక్కడి దాకా చేరేది మామూలు రోడ్ల మీదే. ఆదివారానికి బ్రహ్మాండం, ఉద్యోగానికి నాకు పెద్దగా అక్కరకు రాలేదు.

రోడ్డు కన్నా ఆఫీసు గేటు దగ్గర ఎక్కువ విసుగొచ్చింది. సెక్యూరిటీ రిజిస్టర్‌లో బండి నంబరు గడి ఉంటుంది.

"నంబర్ చెప్పుండ్రి సార్."

"సైకిలుకి నంబరేంటన్నా?"

"మరి ఈడ ఏం రాయాలె?"

చివరికి నా ఐడీ కార్డు నంబరు రాసుకున్నారు. ఇప్పుడైతే నన్ను చూడగానే ఆయనే రాసేస్తారు.

మెకానికల్ డిస్క్ బ్రేకులు వానలో కీచుమంటాయి గానీ పట్టు వదల్లేదు. సాయంత్రం దర్గా దిగుడుకి ఆ పట్టు కావాలి. రోడ్డు మీద నీళ్లు నిలిస్తే మాత్రం తొక్కను, కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో ఎవరికి ఎరుక? కంపెనీ ఇచ్చిన సీటు మొదటి ఏడాదిలోనే మార్చేశా. టైర్లు కూడా అరిగాయి. ఈసారి 40 సైజు వేద్దామని నా పట్టు, మడ్‌గార్డులకి తగులుతుందని షాపతని మాట. మడ్‌గార్డులు తీసేస్తే వానాకాలంలో చొక్కా వీపంతా బురదే. ఇంకా తేలలేదు.