మ్యాడ్‌విలనీ: పల్లవి లేని 46 నిమిషాలు

‘మ్యాడ్‌విలనీ’ అనే ఈ ర్యాప్ ఆల్బమ్‌ని మొదటిసారి విన్నప్పుడు సగంలోనే ఆపేశాను. ఏ పాట ఎక్కడ అయిపోయిందో, తర్వాతది ఎక్కడ మొదలైందో అర్థం కాలేదు. పల్లవి అన్నదే లేదు. పాడే మనిషి అప్పుడే నిద్ర లేచి, మొహం కూడా కడుక్కోకుండా మైకు ముందు కూర్చుని గొణుగుతున్నట్టుంది. ఇంతమంది నెత్తిన పెట్టుకున్నది దీన్నా అనుకుని పక్కన పడేశాను. ఇది పదకొండేళ్ల కిందటి మాట. ఆ తర్వాత నాలుగు ఫోన్లు మారాయి, పాడైన ఇయర్‌ఫోన్లకు లెక్కే లేదు. కొత్త ఫోన్ కొన్న ప్రతిసారీ అందులోకి మొదట ఎక్కేది మాత్రం ఈ ఆల్బమే.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 2004 మార్చి 23న స్టోన్స్ త్రో అనే చిన్న అమెరికన్ కంపెనీ విడుదల చేసింది. బీట్లు, అంటే మాటల వెనక నడిచే సంగీతం, మ్యాడ్‌లిబ్‌వి, మాటలు ఎమ్ఎఫ్ డూమ్‌వి, ఇద్దరూ కలిస్తే మ్యాడ్‌విలన్. మొత్తం 22 ట్రాకులు, 46 నిమిషాలు. సగటున ఒక్కోటి రెండు నిమిషాల చిల్లరే. నాకు మొదట చిరాకు తెప్పించింది ఇదే, తర్వాత కట్టిపడేసిందీ ఇదే. మామూలుగా ఒక మంచి బీటు దొరికితే దాన్ని నాలుగు నిమిషాలు సాగదీసి, మధ్యలో మూడుసార్లు పల్లవి పాడిస్తారు. వీళ్లు నోరు ఊరించి విస్తరి తీసేస్తారు. ఇంకాస్త ఉంటే బాగుండు అనుకునేలోపు పాట ఉండదు. అందుకే వెనక్కి తిప్పి మళ్లీ వింటాం. అలా తిప్పి తిప్పి వినడంలోనే మాటలు చెవికెక్కుతాయి.

‘అకార్డియన్’ అనే ట్రాకు తీసుకోండి. రెండు నిమిషాలు కూడా లేదు. డేడెలస్ అనే సంగీతకారుడి ట్రాకులోంచి కత్తిరించి తెచ్చిన ఒక అకార్డియన్ ముక్క, ఆయాసపడే ముసలాయన ఊపిరిలా పీల్చి వదులుతూ మొదటినుంచి చివరిదాకా అదే తిరుగుతుంటుంది. దాని మీద డూమ్ గొంతు. బరువుగా, కాస్త బొంగురుగా, తాళానికి వెంట్రుకవాసి వెనక నడుస్తుంది. నేను మొదట బద్ధకం అనుకున్నది ఇదే. ఓసారి రాత్రి లైట్లు తీసేసి, వేలితో తాళం వేసుకుంటూ విన్నాను. అప్పుడు తెలిసింది: ఒక్క అక్షరం కూడా జారిపోవడం లేదు. ప్రతి మాటా ఆలస్యంగానే వస్తోంది, కానీ ప్రతిసారీ అంతే ఆలస్యంగా. అలా వెనకబడి నడవడానికి ఎంత సాధన కావాలో, తాళం వేస్తూ పాడి చూస్తే తెలుస్తుంది. నేను ప్రయత్నించాను. నాలుగో పాదానికే బోర్లా పడ్డాను.

ఇక ప్రాసలు. మనకు అంత్యప్రాస అంటే పాదాల చివర ఒకట్రెండు అక్షరాలు కలవడం. డూమ్ మూడు నాలుగు అక్షరాల ధ్వనిని ఒక్కసారిగా కలిపేస్తాడు, అదీ పాదం చివర మాత్రమే కాదు, మధ్యలో ఎక్కడపడితే అక్కడ. ‘ఫిగరో’ అనే ట్రాకులో ఒకే ధ్వనిని పట్టుకుని వదలకుండా ఎన్ని పాదాలు లాక్కెళ్తాడో లెక్కపెట్టబోయి మధ్యలో మానేశాను. ఇంకో అలవాటు ఏమిటంటే, ప్రాసని బట్టి ఫలానా బూతు రాబోతోందని మనం సిద్ధమైపోతాం. సరిగ్గా అక్కడ ఇంకేదో అమాయకమైన మాట పెట్టి తప్పించుకుంటాడు. నవ్వు మాత్రం రాని బూతుకే వస్తుంది. శ్లేషంటే చెవి కోసుకునేవాళ్లకి ఇది పండగ. ఐదారేళ్లు విన్నాక కూడా ఒక పాదంలో రెండో అర్థం తట్టి, రోడ్డు మీద ఒక్కణ్ణే నవ్వుకున్న రోజులున్నాయి.

డూమ్ తన పేరు ఇంగ్లిష్‌లో ఎప్పుడూ అన్నీ పెద్దక్షరాల్లోనే (క్యాపిటల్స్) రాయాలని పట్టుబట్టేవాడు. దాని మీద ఇందులో ఒక పాట కూడా ఉంది. మన లిపిలో పెద్దక్షరాలు లేవు కాబట్టి ఆ విషయంలో నేనేమీ చేయలేను.

మనిషి కథ తెలిశాక వినడం కొంచెం మారింది. అసలు పేరు డేనియల్ డుమిలే. లండన్‌లో పుట్టి న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్‌లో పెరిగాడు. తమ్ముడు సబ్‌రాక్‌తో కలిసి కేఎమ్‌డీ అనే బృందం నడిపాడు. 1993లో కారు ఢీకొని తమ్ముడు పోయాడు. ఆ తర్వాత కొద్దికాలానికే ముఖచిత్రం మీద గొడవై బృందం రెండో ఆల్బమ్‌ ఆగిపోయింది. కొన్నేళ్లు ఎవరికీ కనపడకుండా పోయి, తిరిగొచ్చినప్పుడు మొహానికి ముసుగు. కామిక్స్‌లోని డాక్టర్ డూమ్ అనే విలన్ పేరూ వేషమూ తొడుక్కున్నాడు. 1999లో మొదటి సొంత ఆల్బమ్, ఐదేళ్లకు ఇది. ఇంత జరిగినా ఈ 46 నిమిషాల్లో తన గురించి ఏడ్చుకోవడం ఎక్కడా వినపడదు. కథంతా ‘ఆ విలన్’ గురించి, వేరే ఎవరో అన్నట్టు. ‘ఫ్యాన్సీ క్లౌన్’లో అయితే తన ఇంకో వేషమైన విక్టర్ వాన్‌గా పాడుతూ, ప్రియురాలు తనని వదిలి డూమ్‌తో తిరుగుతోందని ఆమె మీద విరుచుకుపడతాడు. అంటే తన మీద తనకే అసూయ! ఇలాంటి తిక్క ఆలోచన ఎవరికొస్తుంది?

మ్యాడ్‌లిబ్ సంగతి వేరే రాయాలి, ఇక్కడ ఒక్కటే చెప్తాను. 2002లో బ్రెజిల్ వెళ్లినప్పుడు సావ్ పావ్లో హోటల్ గదిలో కూర్చుని, ఒక చిన్న శాంప్లర్ (పాత పాటల ముక్కల్ని కత్తిరించి తిప్పే యంత్రం), ఎక్కడికైనా మోసుకెళ్లే రికార్డు ప్లేయరు, ఒక క్యాసెట్ డెక్కు, వీటితోనే ‘రెయిడ్’, ‘స్ట్రేంజ్ వేస్’, ‘రైన్‌స్టోన్ కౌబాయ్’ బీట్లు కట్టాడు. మంచి స్పీకర్లలో వింటే ఆ దుమ్మూ గరగరా ఇంకా బాగా వినిపిస్తాయి. రికార్డింగు పాడైందేమో అని మొదట్లో నేనూ అనుమానపడ్డాను. పాడవలేదు, అదంతే.

విడుదలకి ఏడాదికి పైగా ముందే దీని ముడి రూపం ఇంటర్నెట్లో లీకైంది. ఇద్దరికీ విసుగొచ్చి వేరే పనుల్లో పడ్డారు. మళ్లీ కూర్చున్నప్పుడు డూమ్ చాలా పాటల్ని గొంతు తగ్గించి, నింపాదిగా మళ్లీ పాడాడు. నేను రెండూ విన్నాను. ముడి రూపంలో హుషారు ఎక్కువ, పక్కన స్నేహితుల్ని పెట్టుకుని పాడుతున్నట్టుంటుంది. అదే బాగుందనేవాళ్లున్నారు. నాకు మాత్రం రెండోసారి పాడిందే నచ్చుతుంది. హుషారుగా చెప్పే జోకు కంటే మొహంలో ఏ భావమూ లేకుండా చెప్పే జోకు ఎక్కువసార్లు పేలుతుంది.

నచ్చనివి లేకపోలేదు. గంజాయి మీదున్న పాట నేను దాదాపు ఎప్పుడూ దాటేస్తాను. అది హాస్యం పేరుతో సాగే పొడుగాటి పొగ. ‘షాడోస్ ఆఫ్ టుమారో’ ఇన్నేళ్లయినా నాకు అతకలేదు. ఆడవాళ్ల మీద కొన్ని పాదాలు అప్పట్లో పట్టించుకోలేదు గానీ ఇప్పుడు చెవిలో గుచ్చుకుంటాయి. అన్నింటికన్నా పెద్ద ఇబ్బంది భాష: అమెరికా టీవీ, కామిక్స్, వీధి మాటలు తెలియకపోతే సగం చమత్కారం గాలికి పోతుంది. పాటల సాహిత్యం పక్కన పెట్టుకుని ఒక్కో పాదం విప్పుకోవలసిందే. ఆ ఓపిక లేకపోతే దీన్ని బీట్ల కోసం వినండి, తప్పేం లేదు.

డూమ్ 2020 అక్టోబర్ 31న చనిపోయాడు. భార్య ఆ సంగతి బయటపెట్టింది డిసెంబర్ 31న. రెండు నెలలు లోకానికి తెలియలేదు. ఆ రాత్రి అందరూ కొత్త సంవత్సరం హడావుడిలో ఉంటే నేను దీన్ని మొదటినుంచీ పెట్టుకున్నాను. ఆఖరి ట్రాకు ‘రైన్‌స్టోన్ కౌబాయ్’లో పాదాల మధ్య జనం చప్పట్లు వినిపిస్తాయి. పల్లవి ఉండాల్సిన చోట చప్పట్లు పెట్టారన్నమాట. అన్నేళ్లుగా అది వెటకారమనే అనుకున్నాను. ఆ రాత్రి మాత్రం నవ్వు రాలేదు.

కొత్తవాళ్లెవరైనా అడిగితే ఇప్పుడు నేను మొదటి ట్రాకు నుంచి వినమని చెప్పను. ‘అకార్డియన్’ పెట్టి రెండుసార్లు వినిపిస్తాను. రెండోసారి అయిపోయాక వాళ్ల చెయ్యి వెనక్కి తిప్పే బటన్ మీదకి వెళ్తే మిగతా ఆల్బమ్ పంపిస్తాను. వెళ్లకపోతే మాట మార్చేస్తాను.