అంతరిక్ష చెత్త: వెండితెర మీద ఒకలా, కక్ష్యలో మరోలా

సినిమాల్లో అంతరిక్ష చెత్త వడగళ్ల వానలా కురుస్తుంది. లోహపు ముక్కలు గుంపుగా దూసుకొస్తాయి, వ్యోమగాములు వాటిని చూసి పక్కకు తప్పుకుంటారు. కక్ష్యలో ఆ గుంపూ కనిపించదు, తప్పుకునే వ్యవధీ ఉండదు.

ముందు రద్దీ సంగతి. సెంటీమీటరుకు మించిన ముక్కలు భూమి చుట్టూ 12 లక్షలకు పైగా ఉన్నాయని ఐరోపా అంతరిక్ష సంస్థ అంచనా. వాటిలో 12 లక్షలను తెచ్చి 700 నుంచి 1,000 కిలోమీటర్ల ఎత్తు మధ్యనే పోశామనుకుందాం. అప్పుడు కూడా ఒక్కో ముక్కకు పొడవు, వెడల్పు, ఎత్తు 55 కిలోమీటర్ల చొప్పున చోటు దక్కుతుంది. మరి భయం దేనికంటే, వేగానికి. 2009 ఫిబ్రవరి 10న సైబీరియా మీదుగా, దాదాపు 790 కిలోమీటర్ల ఎత్తులో ఇరిడియం 33 ఉపగ్రహాన్ని పనిచేయని రష్యా ఉపగ్రహం కాస్మాస్ 2251 సెకనుకు 11 కిలోమీటర్లకు పైగా వేగంతో ఢీకొంది. రైఫిల్ తూటా కూడా అందులో పదో వంతు వేగాన్ని అందుకోవడమే గొప్ప.

ఒక విషయంలో మాత్రం కల్పనను మెచ్చుకోవాలి. 2013లో వచ్చిన ‘గ్రావిటీ’ చిత్రంలో రష్యా తన ఉపగ్రహాన్నే క్షిపణితో పేలుస్తుంది, శకలాలు 90 నిమిషాలకోసారి తిరిగొస్తాయి. 2021 నవంబరు 15న రష్యా నిజంగానే తన కాస్మాస్ 1408ను పేల్చింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని ఏడుగురూ తమ వ్యోమనౌకల్లోకి వెళ్లి తలదాచుకున్నారు. కేంద్రం 90 నిమిషాలకోసారి ఆ శకలాల మేఘం గుండానో, దాని దగ్గరగానో వెళ్తోందని నాసా ప్రకటించింది. ఎవరికీ ఏమీ కాలేదు.

సినిమా ఘోరంగా తప్పేది కాలం దగ్గర. ఒక తాకిడి ముక్కలు మరో తాకిడికి కారణమయ్యే గొలుసును నాసా శాస్త్రవేత్తలు డొనాల్డ్ కెస్లర్, బర్టన్ కూర్-పలే 1978లోనే లెక్కకట్టారు. అది గంటల్లో ముగిసే కథ కాదు, దశాబ్దాల మీద సాగేది. 400 కిలోమీటర్ల ఎత్తులో పలచటి గాలి ముక్కలను కొన్నేళ్లలోనే కిందికి లాగేస్తుంది. 800 దగ్గర అవి శతాబ్దాలు తిరుగుతూనే ఉంటాయి.

ఈ ప్రమాదం ఉందని తెలియడానికి సినిమా చాలు. దాని తీరు తెలియాలంటే మాత్రం వాస్తవమే మేలు. నన్ను ఎక్కువ కలవరపెట్టేదీ అదే, ఎందుకంటే ఈ ప్రమాదం చప్పుడు లేకుండా పేరుకుంటోంది. 2023 జులై 30న శ్రీహరికోటలో పీఎస్‌ఎల్‌వీ-సీ56 ఉదయం 6:30కి లేవాల్సింది. దారిలో ఏదో శకలం ఎదురుకావచ్చని ఇస్రో 6:31కి మార్చింది.