స్లాబుకు మిల్లరా, రెడీమిక్సా? నేను ముందు చూసేది నీళ్లు

కావలి, ఒంగోలు చుట్టుపక్కల ఇల్లు కట్టుకునేవాళ్లు ఎవరు ఫోన్ చేసినా ఇదే అడుగుతున్నారు, "అన్నా, స్లాబు మిల్లర్‌తో వేయించమంటావా, రెడీమిక్స్ తెప్పించమంటావా?" అని. మిల్లరంటే ఇంటి దగ్గరే కాంక్రీటు కలిపే మిషను, రెడీమిక్సంటే ప్లాంటులో కలిపి బండిలో తెచ్చేది. కావలిలో మా ఇంటికి కింది స్లాబు మిల్లర్‌తో వేయించాను, పై స్లాబు మొన్ననే రెడీమిక్స్, పైపులైన్ పంప్‌తో వేయించాను. రెండూ దగ్గరుండి చూశాను కాబట్టి చెబుతున్నా.

ఖర్చు గురించి అందరూ మాట్లాడతారు. నాకు మాత్రం అసలు విషయం నీళ్లు. ఉప్పుగాలి నేరుగా తగలకపోయినా మన తీరప్రాంతపు ఊళ్లలో ఇంటికి ఐఎస్ 456 (కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణం) ప్రకారం కనీసం ఎం25 బలం గ్రేడు కాంక్రీటు వాడాలి, నీరు సిమెంటులో సగం బరువు దాటకూడదు. అంటే 50 కిలోల సిమెంటు కట్టకు 25 లీటర్లు, అదీ ఇసుకలో ఉన్న తడితో కలిపి. కింది స్లాబు రోజు 20 లీటర్ల పెయింటు బకెట్‌కు ఎర్ర గీత గీసి మిల్లర్ దగ్గర పెట్టాను. పది గంటల దాకా గీత ప్రకారమే పోశారు. ఎండ ముదిరాక పైన తట్టలందుకునేవాళ్లు "గట్టిగా ఉంది, ఇంకో మగ్గు పొయ్యి, జారతా పోద్ది" అని కేకేస్తే, నీళ్లు పోసే అక్క మాత్రం ఏం చేస్తుంది, పోసేసింది. వాళ్లను తప్పుపట్టలేను, పొద్దుటి నుంచి మోస్తున్నారు. కానీ ఆ మగ్గుల వల్ల పోయేది స్లాబు బలమే, నీరెక్కువైన కాంక్రీటులో సన్న రంధ్రాలు మిగులుతాయి, ఉప్పుగాలి తగిలే చోట వాటిలోంచే తేమ వెళ్లి ఊచలకు తుప్పు పట్టిస్తుంది. ఇక బోరు నీళ్లు ఉప్పగా ఉంటే మిల్లర్‌లో అవి అసలు పోయొద్దు, ట్యాంకర్ తెప్పించుకోండి.

ఇంకోటి టైము. వెయ్యి చదరపు అడుగుల స్లాబు, బీములతో కలిపి 15 క్యూబిక్ మీటర్లనుకుంటే వంద కట్టలకు పైమాటే. కట్టకు మూడు నాలుగు నిమిషాలేసుకున్నా మిల్లర్‌కు ఆరేడు గంటలు. మధ్యలో మిల్లర్ ఆగినా, లిఫ్ట్ తాడు చిక్కుకున్నా అప్పటికే వేసింది గట్టిపడి అతుకు పడుతుంది, వానాకాలంలో కారేది అక్కడే. అదే రెడీమిక్స్ అయితే 6 క్యూబిక్ మీటర్ల బండ్లు మూడు వస్తే సరి.

అందుకే నా ఓటు రెడీమిక్స్‌కే. అయితే అక్కడ కూడా నీళ్ల మీద కన్నేసి ఉంచాలి. కాంక్రీటు గట్టిగా ఉండి పంపులో కదలకపోతే డ్రైవర్ బండి మీదున్న ట్యాంకు నీళ్లు వదులుతాడు, ఒప్పుకోవద్దు, పలచన కావాలంటే ప్లాంటు వాళ్లనే అడ్మిక్చర్ (నీళ్లు పెంచకుండానే పలచన చేసే మందు) వేయమనండి. పైపు తడవడానికి మొదట వదిలే సిమెంటు పాలు స్లాబులో పడనివ్వకుండా బకెట్లలో పట్టి పక్కన పారబోయించండి. పైపు కుదుపుకు ఊచలు కదులుతాయి, కింద పాత టైర్లు వేయించాను, బాగా పనిచేశాయి. పంప్ వేగంగా పోస్తుంది కదా అని ఒకేచోట కుప్ప పోయనిస్తే సెంట్రింగ్ మీద బరువు పడుతుంది, వైబ్రేటర్లు రెండు పెట్టుకుని పరిచేస్తూ పోవాలి. బండి నింపిన రెండు గంటల్లోపు దింపడం పద్ధతి, ప్లాంటు అంతకన్నా దూరమైతే అప్పుడు మిల్లరే మేలు, కాకపోతే బకెట్ దగ్గర ఇంటి మనిషే నిలబడాలి.

సన్‌షేడ్లు, చిన్న వరండాలకు మిల్లర్ చాలు, పంప్ అద్దె గిట్టదు. పొడవాటి చెయ్యి చాచి పైకి పోసే బూమ్ పంప్ బాగానే ఉంటుంది కానీ మన సందుల్లో కరెంటు తీగలతో ప్రమాదం.

పైపులైన్ పంపే అయినా ముందురోజు సాయంత్రం బండి దారి నడిచి చూసుకోండి. మా వీధి మలుపులో ఎవరిదో ఇటుకల కుప్ప అడ్డం ఉండి మొదటి బండి 40 నిమిషాలు నిలబడిపోయింది, ఆ 40 నిమిషాలూ నాకు ఒకటే టెన్షన్.