‘గవర్నమెంటు హాస్పిటల్ బాండ్లు’ అని వచ్చేవాళ్ళతో జాగ్రత్త

బెంగళూరులో మారతహళ్ళి, కుందలహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు ఉన్న తెలుగువాళ్ళు, ముఖ్యంగా రిటైరై పిల్లల దగ్గరికి వచ్చేసిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉన్నవాళ్ళు, దయచేసి ఇది పూర్తిగా చదవండి. మెడికల్ కాలేజీ, దానికి అనుబంధంగా హాస్పిటల్ కట్టడానికి బాండ్లు, 12 శాతం వడ్డీ, మూడు నెలలకోసారి అకౌంట్లో పడుతుంది అని వాట్సాప్‌లో తిరుగుతున్న బ్రోషర్ గురించే చెప్తున్నా. మా నాన్న అందులో పది లక్షలు పెట్టారు. కొన్నాళ్ళు వడ్డీ వచ్చింది, తర్వాత ఆగిపోయింది. కంపెనీ పేరు రాయొద్దని లాయరుగారు గట్టిగా చెప్పారు. బ్రోషర్ చూసినవాళ్ళకు ఎవరో తెలిసిపోతుంది.

నాన్న అనంతపురం దగ్గర గవర్నమెంటు కాలేజీలో లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. ఆ బాండ్లు అమ్మిన ఏజెంటు మా జిల్లావాడే. ఇంటికొచ్చి కాఫీ తాగి, "మాస్టారూ, మీ డబ్బుతో వందల మంది పిల్లలు డాక్టర్లవుతారు" అన్నాడు. నాన్నను కదిలించింది వడ్డీ కాదు, ఆ మాట. అందుకే నాకు ఇంత మండుతోంది.

వాడు ఉత్త అబద్ధాలతో కాదు, నిజాలు చూపించి మోసం చేశాడు. బ్రోషర్‌లో హెఫా గురించి ఒక పేజీ ఉంది. హెఫా నిజమైన సంస్థే. ఉన్నత విద్యా సంస్థల భవనాలకు, ల్యాబులకు అప్పులివ్వడానికి కేంద్ర విద్యాశాఖ, కెనరా బ్యాంకు కలిసి 2017లో పెట్టాయి, ఆఫీసు బెంగళూరులోనే ఉంది. ఐఐటీల లాంటి కేంద్ర సంస్థలకు అప్పులిస్తుంది, 2018లో ఎయిమ్స్ లాంటి వైద్య సంస్థలను కూడా దాని పరిధిలోకి తెచ్చారు. ఈ ప్రైవేటు కంపెనీకీ దానికీ ఏ సంబంధమూ లేదు. తర్వాతి పేజీలో 1997లో బెంగళూరు మహానగర పాలికె (నగరపాలక సంస్థ) తెచ్చిన 125 కోట్ల బాండ్లు. అదీ నిజమే, వాటికి రాష్ట్ర ప్రభుత్వం గ్యారంటీ ఇచ్చింది. ఆ పేజీలు చూశాక తర్వాత వచ్చే బాండు కూడా అలాంటిదే అనుకోని పెద్దవాళ్ళు ఎవరుంటారు?

వడ్డీ ఆగాక నాన్నా నేనూ కోరమంగళలో వాళ్ళ ఆఫీసుకు వెళ్ళాం. చాలాసేపు బయట కూర్చోబెట్టారు. లోపలికి పిలిచాక ఆ ఏజెంటు లేవలేదు, నాన్నను కూర్చోమని కూడా అనలేదు. "గవర్నమెంటుదన్నావు కదా బాబూ" అని నాన్న మెల్లగా అడిగారు. అప్పటిదాకా మా ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడని మనిషి, "వేర్ ఈజ్ ఇట్ రిటెన్, సార్?" అన్నాడు. ఫైలు తీసి, చిన్న అక్షరాల్లో ఉన్న లైను మీద పెన్నుతో కొట్టి చూపించాడు. ఈ డిబెంచర్లకు (బాండ్లని చెప్పి అమ్మిన కంపెనీ అప్పు పత్రాలు ఇవే) ఏ ప్రభుత్వ హామీ లేదు, ఇవి అన్‌సెక్యూర్డ్ (ఏ ఆస్తీ తాకట్టు లేదు), అన్‌లిస్టెడ్ (స్టాక్ ఎక్స్‌చేంజిలో నమోదు కాలేదు) అని అందులో ఉంది. దాని కింద నాన్న సంతకం. "లెక్చరరు కదా, చదివే పెట్టుంటారు" అన్నాడు. పక్క టేబుల్ దగ్గర అమ్మాయి తల దించుకుంది. నాన్న ఒక్క మాట మాట్లాడకుండా కండువా సర్దుకుని బయటికి వచ్చేశారు. ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పిన మనిషిని ఆయన చదువు పేరెత్తి అవమానించాడు. పది లక్షలు ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు.

"అమెరికాలో హాస్పిటళ్ళు, యూనివర్సిటీలు ఇలాగే కడతారు" అని కూడా చెప్పాడు కాబట్టి అక్కడున్న మా బావను అడిగాను. కట్టేది నిజమేనట. అక్కడ చాలా రాష్ట్రాల్లో ఇందుకోసమే ప్రభుత్వ సంస్థలున్నాయి. వాటి పేరు మీద బాండ్లు వస్తాయి, వడ్డీకి సాధారణంగా ఫెడరల్ పన్ను ఉండదు, అందుకని హాస్పిటల్‌కు అప్పు తక్కువ వడ్డీకి దొరుకుతుంది. కానీ మామూలుగా తిరిగి కట్టాల్సింది హాస్పిటలే, రాష్ట్ర ఖజానా కాదు. 1998లో పెన్సిల్వేనియాలో హాస్పిటళ్ళు, మెడికల్ కాలేజీ నడిపే అలెగెనీ అనే పెద్ద లాభాపేక్ష లేని సంస్థ సుమారు 130 కోట్ల డాలర్ల అప్పులతో దివాలా తీసింది. కాగితం మీద ప్రభుత్వ సంస్థ పేరున్న చోటే పరిస్థితి ఇది. మా నాన్న కాగితం మీద ఆ పేరు కూడా లేదు.

లాయరుగారు ఇంకో సంగతి చెప్పారు. ఇలా ప్రైవేట్ ప్లేస్‌మెంట్‌లో, అంటే అందరికీ కాకుండా ఎంచుకున్న కొద్దిమందికే ఇచ్చే డిబెంచర్లను కంపెనీల చట్టం 42వ సెక్షన్ ప్రకారం ఏడాదిలో 200 మందికి మించి ఆఫర్ చేయకూడదు (పెద్ద సంస్థలను ఆ లెక్కలో కలపరు). ప్రకటనలు అసలే ఇవ్వకూడదు. మరి మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకి, గుడి కమిటీ గ్రూపులోకి ఆ బ్రోషర్ ఎలా వచ్చింది? మా కేసుకు అదే బలం అంటున్నారు. వడ్డీ, అసలు కట్టకపోతే ఎన్‌సీఎల్‌టీకి (కంపెనీల కేసులు చూసే ట్రిబ్యునల్‌కి) వెళ్ళొచ్చట, ఆ పని మొదలుపెట్టాం.

ఎవరైనా బాండు అమ్మడానికి వస్తే మన డబ్బు తిరిగి ఇచ్చేది ఎవరో కాగితం మీద చూపించమనండి. గవర్నమెంటు గ్యారంటీ ఉందంటే ఆ ఉత్తర్వు కాపీ అడగండి. ఐసిన్ నంబరు (ప్రతి బాండుకూ విడిగా ఇచ్చే గుర్తింపు కోడ్) తీసుకుని, షేర్లు, బాండ్లను డీమ్యాట్‌లో ఉంచే సంస్థ ఎన్‌ఎస్‌డీఎల్ వాళ్ళ ఇండియా బాండ్ ఇన్ఫో సైట్‌లో కొట్టి రేటింగు, సెక్యూర్డా కాదా చూసుకోండి. ఐసిన్ ఉన్నంత మాత్రాన భద్రమని కాదు. బ్యాంకు డిపాజిట్‌కున్న 5 లక్షల ఇన్సూరెన్స్ బాండ్లకు వర్తించదు.

ఆ బ్రోషర్ మీ ఫోనులో ఉంటే దయచేసి డిలీట్ చేయకండి. ఏ గ్రూపులో, ఏ తేదీన, ఎవరు పంపారో కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి నాకు మెసేజ్ చేయండి. 200 దాటి పంపారని చూపించాలంటే మాకు అవే కావాలి.