కెల్మ్‌స్కాట్ చాసర్ కోసం లండన్‌లో తిరుగుడు

పాత పుస్తకాల బొమ్మలంటే పిచ్చి ఉన్నవాళ్లు లండన్ వెళ్తే వాల్తమ్‌స్టో, హామర్‌స్మిత్ రెండూ చూడాలి. టైమ్ లేకపోతే నా ఓటు హామర్‌స్మిత్‌కే.

చూడాల్సింది కెల్మ్‌స్కాట్ చాసర్: పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లీషు కవి చాసర్ రచనల సంపుటి, కవి, డిజైనర్ విలియం మోరిస్ తన కెల్మ్‌స్కాట్ ప్రెస్సులో 1896లో అచ్చేసింది. ఆయన స్నేహితుడు, చిత్రకారుడు ఎడ్వర్డ్ బర్న్-జోన్స్ బొమ్మలు 87. కాగితం మీద 425 ప్రతులు, తోలు మీద 13.

వాల్తమ్‌స్టోలో మోరిస్ కుర్రతనంలో ఉన్న ఇల్లే ఇప్పుడు విలియం మోరిస్ గ్యాలరీ. టికెట్ లేదు, సోమవారం సెలవు. అద్దాల పెట్టెలో ఉన్న పుస్తకాన్ని మనం తిరగేయలేం కదా, బొమ్మలన్నీ ముందే నెట్‌లో చూసుకుని వెళ్లండి. మొదటి బొమ్మలో చాసర్ తోటలో, బావి దగ్గర, పుస్తకం పట్టుకుని నిలబడి ఉంటాడు. చుట్టూ ద్రాక్షతీగల అంచు మోరిస్‌ది. లోపలంతా రాజులు, వీరులు, గోడల మధ్య తోటలు, సన్నటి దిగులు మొహాల రాణులు. నవ్వే మనిషి కోసం వెతుక్కోవాలి! చాసర్ కాంటర్‌బరీ కథల్లో మిల్లర్ (పిండిమర వాడు) చెప్పే మోటు కథకి బర్న్-జోన్స్ అసలు బొమ్మే వేయలేదు. చాసర్‌లో సగం మజా అక్కడే ఉందని నా గొడవ.

హామర్‌స్మిత్‌లో థేమ్స్ నది ఒడ్డున, మోరిస్ పెద్దయ్యాక ఉన్న కెల్మ్‌స్కాట్ హౌస్ ఉంది. కింది భాగంలో చిన్న మ్యూజియం, అందులో ఆల్బియన్ రకం చేతి అచ్చు ప్రెస్సు. వారంలో కొన్ని మధ్యాహ్నాలే తెరుస్తారు, చూసుకుని వెళ్లాలి. ఆ పుస్తకంలో బొమ్మలు ఎలా అచ్చయ్యాయంటే: బర్న్-జోన్స్ పెన్సిల్‌తో గీస్తే, కాటర్సన్-స్మిత్ అనే చిత్రకారుడు దాన్ని స్పష్టమైన సిరా గీతల్లోకి మార్చేవాడు. దాన్ని ఫొటో పద్ధతిలో చెక్క దిమ్మ మీదికి ఎక్కిస్తే, చెక్క చెక్కే పనివాడు హూపర్ చెక్కేవాడు. దిమ్మ అడ్డకోత చెక్క, గట్టిది, అందుకే వెంట్రుకంత గీత కూడా నిలుస్తుంది. తవ్వేసిన చోటు తెలుపు, మిగిలిన గట్టు నలుపు. అక్షరాలతో కలిపి ఒకే దెబ్బకి అచ్చు పడుతుంది. ప్రెస్సు పక్కన నిలబడితే ఇదంతా బుర్రకెక్కుతుంది.

బస ఈస్ట్‌హామ్‌లో. ఇడ్లీ, దోశలకి లోటు లేదు, హామర్‌స్మిత్ వైపు డిస్ట్రిక్ట్ లైన్ మెట్రోలో రైలు మారకుండా రేవెన్స్‌కోర్ట్ పార్క్ స్టేషన్‌లో దిగొచ్చు. గది మాత్రం అగ్గిపెట్టె, రాత్రి హీటర్ ఆపేసేవాళ్లు. ఇంకో పది పౌండ్లు పోసినా వేరే చోట దిగాల్సింది.

ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని కెల్మ్‌స్కాట్ ఊళ్లో మోరిస్ పల్లెటూరి ఇల్లు కెల్మ్‌స్కాట్ మేనర్‌కి మాత్రం ఈ పుస్తకం కోసం పరుగెత్తకండి. ఆ ఊరి పేరే ప్రెస్సుకి పెట్టారు గానీ, అచ్చు పని నడిచింది హామర్‌స్మిత్‌లోనే. కారు ఉండి, వేసవి అయితే సరే.